పల్లెలో పచారీ కొట్టు: నేటి స్థితి, పంచాయతీ కర్తవ్యము

వైద్యశాల లేని పల్లె ఉండవచ్చును, బస్సు రాని పల్లె ఉండవచ్చును. ఉప్పు, పప్పు అమ్మెడి కొట్టు లేని పల్లె మాత్రము మన రాష్ట్రమున అరుదు. కోస్తా జిల్లాలలో దీనిని పచారీ కొట్టనియు, చిల్లర కొట్టనియు అందురు. రాయలసీమలో అంగడి అందురు. పొరుగున తెలంగాణమున కిరాణా దుకాణమని వ్యవహరింతురు. పేరేదైనను పని ఒక్కటే. తెల్లవారక మునుపే తలుపు తీసి, పాల పొట్లము మొదలు అగ్గిపెట్టె వరకు, ఎవరికి ఏది ఎంత కావలెనో అంత అందించుటయే దాని పని. పావు కిలో కందిపప్పునకు పిల్లవానిని పంపినను తూకము తగ్గింపక ఇచ్చి, "మీ నాన్న వచ్చినప్పుడు పద్దు చూసుకుంటాములే, పో" అని పంపెడి చోటు అది.

పంచాయతీ సమావేశములందు మంచినీరు, వీధి దీపములు, మురుగు కాలువలు చర్చకు వచ్చుచుండును. కొట్టు సంగతి వచ్చుట అరుదు. ఎవరి వ్యాపారము వారిది, మనకేల అనుకొనుట సహజమే. కాని గ్రామములోని పేద కుటుంబములు కూలి డబ్బు చేతికి రాని దినములలో పొయ్యి వెలిగించుకొనుటకు ఈ కొట్టే ఆధారమని గుర్తించినచో, దాని క్షేమము గ్రామ క్షేమములో భాగమని తెలియగలదు. అట్టి కొట్టునకు నేడు పెద్ద పరీక్ష వచ్చినది. ఆ పరీక్ష ఏమి, దానిని ఎదుర్కొనుటకు పంచాయతీలు ఏమి చేయగలవు అను విషయములను ఈ వ్యాసమున వివరింప సంకల్పించితిమి.

మానిక పోయి పొట్లము వచ్చెను

మన పెద్దల కాలమున ధాన్యమును మానికతోను, నూనెను గిద్దతోను, సోలతోను, బెల్లమును వీశలలోను కొలిచి అమ్మెడివారు. ఒక తాలూకా మానిక మరియొక తాలూకా మానికతో సరిపోయెడిది కాదు. 1956లో తూనికలు, కొలతల ప్రమాణ శాసనము వచ్చినది. 1957 ఏప్రిల్ 1 నుండి దశాంశ నాణెములును, 1958 అక్టోబరు నుండి క్రమక్రమముగా కిలోగ్రాములు, లీటర్లును వాడుకలోనికి వచ్చినవి. ఆ మార్పు వచ్చినప్పుడు కొట్టువారును, కొనువారును కొంతకాలము తికమకపడిరి. పిదప అలవాటు పడిరి. కొట్టు నిలిచినది.

రెండవ మార్పు బియ్యముతో వచ్చినది. 1983లో మన రాష్ట్రమున కిలో రెండు రూపాయల బియ్యము పథకము ప్రారంభమైనది. 2013లో జాతీయ ఆహార భద్రతా శాసనము వచ్చినది. 2023 జనవరి 1 నుండి ఆ శాసనము క్రింది కార్డుదారులకు ధాన్యము ఉచితముగా ఇచ్చుచున్నారు. 2021 జనవరి నుండి మన రాష్ట్రమున వాహనములలో ఇంటింటికి బియ్యము పంపు పద్ధతి నడచినది. 2025 జూన్ 1 నుండి పంపిణీ మరల చౌక ధరల దుకాణములకే వచ్చినది. పద్ధతి ఏదైనను ఫలితము ఒక్కటే: పేదవాడు బియ్యము కొరకు కొట్టునకు వచ్చుట చాల వరకు తగ్గినది. ఇది పేదలకు గొప్ప మేలు. కొట్టువారు మాత్రము తమ ప్రధానమైన సరుకును కోల్పోయి, ఇతర వస్తువులవైపు తిరుగవలసి వచ్చినది.

మూడవది పొట్లముల మార్పు. దక్షిణ దేశమున 1980 దశకమునందు ప్రచారమునకు వచ్చిన చిన్న షాంపూ పొట్లమును చూచి, కాఫీ పొడి, పండ్ల పొడి, కొబ్బరి నూనె, ఊరగాయ మున్నగునవన్నియు చిన్న పొట్లములలోనికి దిగినవి. ఒకప్పుడు గోనె సంచులు, డబ్బాలు ఉన్న చోట నేడు కొట్టు ముందర రంగు రంగుల పొట్లముల తోరణములు వ్రేలాడుచున్నవి.

కేంద్ర గణాంక శాఖవారి కుటుంబ వ్యయ సర్వేలు ఈ మార్పును అంకెలలో చూపుచున్నవి. 1999-2000లో దేశమున గ్రామీణ కుటుంబము ఖర్చు చేసిన ప్రతి నూరు రూపాయలలో దాదాపు 59 రూపాయలు ఆహారమునకు పోయెడివి. అందు బియ్యము, గోధుమ, జొన్న వంటి ధాన్యములకే 22 రూపాయలు. 2023-24 నాటికి ఆహారమునకు 47 రూపాయలు, ధాన్యములకు కేవలము 5 రూపాయలు మాత్రమే పోవుచున్నవి. పానీయములకు, తయారైన తినుబండారములకు మాత్రము దాదాపు 10 రూపాయలు పోవుచున్నవి. అనగా ధాన్యముపై పెట్టెడి దానికి రెట్టింపు ఖర్చు పొట్లములపై పెట్టుచున్నారు. సర్వే పద్ధతిలో కొన్ని మార్పులు జరిగినను, ఈ గతి స్పష్టము.

దీనివలన కొట్టునకు కలిగిన నష్టమొకటి కలదు. విడి సరుకును బాగు చేసి, శుభ్రపరచి అమ్మినచో కొట్టువాని శ్రమకు తగిన లాభము ఉండెడిది. పొట్లముపై గరిష్ఠ ధర ముద్రించియుండును; అంతకు మించి అమ్మరాదు. ఏ ధరకు కొట్టువానికి ఇవ్వవలెనో కంపెనీయే నిర్ణయించును. కావున అమ్మకము పెరిగినట్లు కనిపించినను చేతికి మిగులునది స్వల్పము.

పట్టణమునుండి వచ్చిన పోటీ

సూపర్ మార్కెట్టు అను పెద్ద దుకాణము మనకు క్రొత్త కాదు. హైదరాబాదులో 1986లో త్రినేత్ర దుకాణములు మొదలైనవి. 2007లో వానిని ఆదిత్య బిర్లా సంస్థవారు తీసికొనిరి. 1996లో చెన్నపట్టణమున ఫుడ్ వరల్డ్ ప్రారంభమైనది. 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ వారు తమ మొట్టమొదటి దుకాణములను హైదరాబాదులోనే తెరచిరి. 2002లో బొంబాయిలో మొదలైన డీమార్ట్ వారికి 2025 నాటికి దేశమున 400కు పైగా దుకాణములు ఏర్పడినవి. మన రాష్ట్రములోని పట్టణములకును అవి వచ్చినవి.

వీరు చౌకగా ఎట్లు అమ్మగలుగుచున్నారు? ఇందు మాయ ఏమియు లేదు. మొదటిది: వారు మధ్యవర్తులు లేకుండ కంపెనీలనుండి పెద్ద మొత్తములలో కొందురు, అందుచే కొనుగోలు ధరయే తగ్గును. రెండవది: తెచ్చిన సరుకు త్వరత్వరగా అమ్ముడుపోవును, పెట్టుబడి ఒకే సంవత్సరమున అనేక పర్యాయములు తిరుగును. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: వారు అరువు ఇయ్యరు. సరుకు పట్టుకొనినవాడు డబ్బు చెల్లించియే గడప దాటవలెను.

పెద్దదైనంత మాత్రమున చెడదని అనుకొనుటయు పొరపాటే. 1997లో చెన్నపట్టణమున ప్రారంభమై దేశమంతటను వ్యాపించిన సుభిక్ష దుకాణములు, శక్తికి మించి విస్తరించి, చేత నగదు లేక 2009లో మూతపడినవి. చిన్న కొట్టునకైనను, పెద్ద సంస్థకైనను చేతిలోని నగదే ప్రాణమని ఈ ఉదాహరణము చెప్పుచున్నది.

ఇటీవలి పోటీ ఫోను ద్వారా వచ్చినది. 2011లో బెంగుళూరున బిగ్ బాస్కెట్ వారు ఫోనులోను, కంప్యూటరులోను ఆర్డరు తీసికొని ఇంటికి సరుకులు పంపుట మొదలిడిరి. 2020, 2021 సంవత్సరములలో ఇన్‌స్టామార్ట్, జెప్టో, బ్లింకిట్ వంటి సంస్థలు నిమిషములలో సరుకు చేర్తుమని నగరములలో ప్రవేశించినవి. ఈ శీఘ్ర వర్తకము జనము దట్టముగా ఉన్న చోటనే సాగును. చిన్న పల్లెకు అది రాలేదు. ఐనను బట్టలు, పాత్రలు తెచ్చెడి ఫోను వర్తకుల సంచులు నేడు పల్లెల వరకు వచ్చుచున్నవి. వానితోపాటు సబ్బులు, నూనెలు, టీ పొడి వచ్చుట కష్టము కాదు.

ఇన్ని వచ్చినను దేశమున కోటికి పైగా చిన్న కిరాణా కొట్లు ఉన్నవని వర్తక వర్గములవారి అంచనా. ఆహార వస్తువుల చిల్లర వ్యాపారములో అత్యధిక భాగము నేటికిని వీరి చేతులలోనే ఉన్నది. కావున చిన్న కొట్టు పోవుచున్నదని ముందుగానే శోకింప పనిలేదు. దానిలోపల జరుగుచున్న మార్పును మాత్రము గ్రహింపవలెను.

నగదు పట్టణమునకు, అరువు పల్లెకు

గ్రామములలో పర్యటించునపుడు మేము కొట్ల యొద్ద ఆగి, యజమానులతో మాటలాడుట కలదు. ఒక కొట్టులో వృద్ధురాలొకతె మాతో ఇట్లనినది: "నగదు బేరం టౌనుకి పోతోందండి. అరువు బేరం మాత్రం మా ఇంటికే వస్తోంది." ఎన్ని నివేదికలు చదివినను ఇంతకంటె స్పష్టముగా ఈ సమస్య బోధపడదు.

నెల జీతము వచ్చువారు, పంట డబ్బు చేతికి వచ్చినవారు మండల కేంద్రమునకో, పట్టణమునకో పోయి, ఒక్క పర్యాయమే నెలకు సరిపడు సరుకులు తెచ్చుకొనుచున్నారు. నెలాఖరున తరిగిపోయిన దానికి, చుట్టములు వచ్చినప్పటి అవసరమునకు మాత్రము ఊరి కొట్టునకు వత్తురు. కూలి మీద బ్రతుకువారు, చేతిలో డబ్బు నిలువనివారు దినదినము కొట్టునకే వత్తురు. అందు సగము అరువు. దీని ఫలితమును ఒక లెక్కతో చూతము. ఈ అంకెలు విషయము తెలియుటకు మేము కల్పించుకొన్నవే. మీ ఊరి కొట్టునకు తగినట్లు మార్చి చూచుకొనవచ్చును.

ఒక కొట్టులో నెలకు 1,50,000 రూపాయల అమ్మకము ఉన్నదనుకొందము. అందు నగదు 1,00,000, అరువు 50,000. నూటికి 8 రూపాయల చొప్పున లాభము 12,000. విద్యుత్తు, బండి కూలి, ఎలుకలు కొట్టినవి, గడువు దాటినవి కలిసి ఖర్చు 3,000. అరువు తీరుటకు రెండు నెలలు పట్టునని అనుకొన్నచో, ఎల్లప్పుడు 1,00,000 రూపాయలు ఊరిలో నిలిచియుండును. ఆ సొమ్మును నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చియుండినచో వడ్డీ 2,000. యజమానికి మిగులునది 7,000 రూపాయలు.

ఇప్పుడు నగదు ఇచ్చువారిలో సగము మంది పట్టణమునకు పోయిరనుకొందము. అమ్మకము 1,00,000కు దిగును. లాభము 8,000. విద్యుత్తు ఖర్చు తగ్గదు, వడ్డీ తగ్గదు. ఆ రెండును కలిసి 5,000. మిగులునది 3,000 రూపాయలు. అమ్మకము మూడింట ఒక వంతు తగ్గినది. ఆదాయము సగముకంటె ఎక్కువ పోయినది. ఆ నెలలో ఒక్క బాకీదారు 3,000 రూపాయలు ఎగవేసినచో కొట్టువాని శ్రమ ఊరకే పోయినట్లే.

అపుడు కొట్టువాడు ఏమి చేయును? అరువు మానును, లేనిచో అరువు సరుకునకు ధర పెంచును, లేనిచో గుట్కా, దొంగచాటు మద్యము వంటి హెచ్చు లాభము వచ్చు చెడు సరుకులవైపు చూచును, లేనిచో కొట్టు మూయును. ఈ నాలుగింటిలో ఏది జరిగినను నష్టపోవువారు పేదలే. పట్టణమునకు పోగలవానికి ఇబ్బంది లేదు. వంద రూపాయల సరుకునకు యాభై రూపాయల ఆటో కిరాయి ఇచ్చుకొనలేని ముసలమ్మకే ఇబ్బంది.

ఇట్లనుటవలన పట్టణమున కొనుట తప్పని మా భావము కాదు. చౌకగా దొరకు చోట కొనుట ఎవరికైనను న్యాయమే. ఐనను అక్కడ నూటికి ఐదు రూపాయలు తగ్గినచో 2,000 రూపాయల సరుకునకు 100 రూపాయలు మిగులును. రాకపోకల కిరాయి, పోయిన పూట కూలి, అక్కడ చూచి అనవసరముగా కొన్న వస్తువుల ఖర్చు ఇవన్నియు కలిపి లెక్క చూచుకొన్నచో, నెల సరుకులకు లాభమైనను చిల్లర సరుకులకు ఊరి కొట్టే నయమని తేలును.

ఫోనులో చెల్లింపులు

ఇటీవల వచ్చిన మార్పులలో కొట్టునకు మేలు చేయగలది ఫోను చెల్లింపు. యూపీఐ అను ఈ పద్ధతిని జాతీయ చెల్లింపుల సంస్థవారు 2016లో ప్రవేశపెట్టిరి. ఆ సంవత్సరము నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు జరిగిన పిదప అది పల్లెలకును ప్రాకినది. నేడు చదరపు గుర్తుల అట్ట లేని కొట్టు అరుదు. చిల్లర లేదని చాక్లెట్టు చేతిలో పెట్టెడి అలవాటు దీనివలన తగ్గినది. బ్యాంకు ఖాతానుండి వచ్చు చెల్లింపులకు వర్తకుడు రుసుము ఇయ్యనక్కరలేదను నియమము 2020 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. డబ్బు వచ్చినదని పలికెడి పెట్టెకు మాత్రము కొన్ని సంస్థలు అద్దె తీసికొనును. ఆ సంగతి ముందుగా తెలిసికొనవలెను.

ఇందు మరియొక ప్రయోజనము కలదు. ఫోనులో వచ్చిన ప్రతి రూపాయి బ్యాంకు పుస్తకమున కనబడును. ఇంత వ్యాపారము జరుగుచున్నదని చూపగల కొట్టువాడు వడ్డీ వ్యాపారి యొద్దకు పోక బ్యాంకునకు పోవచ్చును. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్ర పథకము క్రింద 50,000 రూపాయల వరకు శిశు ఋణము, 5 లక్షల వరకు కిశోర ఋణము తనఖా లేకుండ లభించును. పై లెక్కలో నెలకు 2,000 రూపాయల వడ్డీ, బ్యాంకు ఋణమైనచో చాల వరకు తగ్గును.

జాగ్రత్త ఒకటి చెప్పవలెను. డబ్బు పుచ్చుకొనువాడు ఎన్నడును రహస్య సంఖ్య నొక్కవలసిన పనిలేదు. డబ్బు ఇచ్చువాడే నొక్కవలెను. "మీకు డబ్బు వచ్చును, సంఖ్య నొక్కుడు" అని ఎవడైనను చెప్పినచో వాడు మోసగాడు. మోసము జరిగినచో ఆలసింపక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

పన్ను భయము, పన్ను నిజము

2025 జులైలో పొరుగున కర్ణాటకమున, ఫోను చెల్లింపుల మొత్తములను బట్టి కొందరు చిన్న వర్తకులకు పన్ను నోటీసులు వచ్చినవి. ఆ వార్త విని అనేకులు చదరపు గుర్తుల అట్టలను తీసివేసిరి. ఇట్టి భయము మన యందును కలదు గనుక విషయమును వివరింతుము.

వస్తువులు, సేవల పన్ను (జీఎస్టీ) 2017 జులై 1 నుండి అమలులోనికి వచ్చినది. వస్తువులు మాత్రమే అమ్ము వర్తకుడు, సంవత్సరపు మొత్తము అమ్మకము ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల రూపాయలు దాటినచో నమోదు చేసికొనవలెను. తెలంగాణమున ఈ హద్దు 20 లక్షలు. 40 లక్షలనగా నెలకు 3,33,000 రూపాయలకు పైచిలుకు. సామాన్యమైన పల్లె కొట్టు ఈ హద్దు క్రిందనే ఉండును. దాటినవారికి సైతము, 1.5 కోటి రూపాయల అమ్మకము వరకు, పన్ను పడు సరుకుల అమ్మకముపై నూటికి ఒక రూపాయి చెల్లించు సులభ పద్ధతి కలదు. ఆ పద్ధతిలో ఉన్నవారు కొనువారియొద్ద పన్ను వేరుగా వసూలు చేయరాదు.

విడిగా అమ్ము బియ్యము, పప్పు, పిండి వీనిపై పన్ను లేదు. 2022 జులై 18 నుండి 25 కిలోల వరకు ఉన్న ముద్రిత పొట్లములపై నూటికి 5 వంతున పన్ను వేసిరి. 26 కిలోల బియ్యపు బస్తాలు మార్కెట్టునకు వచ్చుటకు కారణము ఇదియే. 2025 సెప్టెంబరు 22 నుండి సబ్బు, షాంపూ, తల నూనె, పండ్ల పేస్టు, బిస్కెట్లపై పన్ను నూటికి 18 నుండి 5కు తగ్గినది. నెయ్యి, వెన్నలపై 12 నుండి 5కు తగ్గినది. ఈ తగ్గింపు పల్లెలో కొనువానికి చేరవలెను. కొట్టువారు కొనుగోలు బిల్లులను భద్రపరచుకొనుట అన్ని విధముల మంచిది. బిల్లు ఉన్నవానికి భయము లేదు.

తూకము, శుభ్రత

కొట్టునకు కష్టములు ఉన్నవని చెప్పి, దాని దోషములను దాచుట ధర్మము కాదు. తూనికలు, కొలతల శాసనము (2009) ప్రకారము త్రాసుకును, రాళ్ళకును, ఎలక్ట్రానిక్ కాటాకును అధికారుల ముద్ర ఉండవలెను. గడువు తీరగానే మరల వేయించుకొనవలెను. పొట్లముపై నికర బరువు, గరిష్ఠ ధర, తయారైన నెల, తయారుచేసినవారి పేరు, ఫిర్యాదునకు చిరునామా ఉండవలెను. చల్లగా చేసినందుకని పానీయముపై ముద్రించిన ధరకు మించి పుచ్చుకొనుట చెల్లదు.

ఆహార భద్రతా శాసనము (2006) ప్రకారము చిన్న కొట్టు కూడ నమోదు చేసికొని, 14 అంకెల సంఖ్యను పొందవలెను. డబ్బానుండి విడి నూనె అమ్ముటకు, తినుటకై అయోడిన్ లేని ఉప్పు అమ్ముటకు నిషేధము కలదు. కల్తీ నూనె వలన కలుగు అనర్థములు ఎరిగినవారికి ఈ నియమము ఏల వచ్చినదో వేరుగ చెప్పనక్కరలేదు. పొగాకు వస్తువులను 18 సంవత్సరములు నిండనివారికి అమ్మరాదు. విద్యాలయములకు 100 గజముల లోపల అసలే అమ్మరాదు. 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకంటె పలుచనైన ప్లాస్టిక్ సంచులు నిషిద్ధములు.

మోసపోయినవారు ముందు కొట్టువానితోను, తీరనిచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యతోను మాటలాడవచ్చును. వస్తువు వెల 5 లక్షల లోపైనచో జిల్లా వినియోగదారుల కమీషనులో రుసుము లేకుండ ఫిర్యాదు చేయవచ్చును.

కలిసి కొన్నచో బలము

పెద్ద దుకాణముల బలము పెద్ద మొత్తములలో కొనుటయందే ఉన్నదని పైన చెప్పితిమి. పదిమంది చిన్నవారు కలిసి కొన్నచో ఆ బలములో కొంత వారికిని వచ్చును. ఇది ఊహ కాదు. 1904లోనే చెన్నపట్టణమున తిరువల్లిక్కేణి సహకార సంఘము వినియోగదారుల కొరకు దుకాణములు తెరచినది. 1956లో విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, కొండ ప్రాంతములలో డిపోలు నడిపి, గిరిజనులయొద్ద చింతపండు, తేనె కొని, వారికి ఉప్పు, పప్పు, సబ్బు అందించినది. సంత వర్తకుల దోపిడినుండి గిరిజనులను కాపాడుటకు ఏర్పడిన మార్గమది.

ఇటీవలి ఉదాహరణము మహిళా సంఘములది. ఈ శతాబ్ది ఆరంభమున మన రాష్ట్రములోని పొదుపు సంఘములు టోకున బియ్యము కొని, సభ్యులకు వాయిదాలపై ఇచ్చు పద్ధతి నడిపినవి. నెల కూలి వచ్చిన కొలది బాకీ తీర్చెడివారు. అరువు పుచ్చుకొన్నందుకు హెచ్చు ధర ఇయ్యవలసిన దురవస్థ అందు లేదు. టోకు కొనుగోలు, న్యాయమైన అరువు ఒకే చోట కలియవచ్చునని ఆ అనుభవము నిరూపించినది. అదే సూత్రమును కొట్లకును వర్తింపజేయవచ్చును. మూడు నాలుగు గ్రామములలోని కొట్టువారు కలిసి, వారమునకు ఒక దినమున ఒకే బండిపై పట్టణపు టోకు వర్తకునినుండి సరుకు తెప్పించుకొన్నచో, ధరయు తగ్గును, కిరాయియు తగ్గును.

పంచాయతీ చేయదగిన పనులు

ఇందు కొన్ని శాసన విధులు కాకున్నను, పంచాయతీ పెద్దరికమునకు తగిన పనులు.

1. పంచాయతీ కార్యాలయమున ముద్ర వేసిన కాటా నొకదానిని ఉంచవలెను. సరుకు కొన్నవారెవరైనను వచ్చి తూచి చూచుకొనవచ్చునని చాటింపవలెను. ఎవరిని దండింపకయే తూకము సరియగును.

2. తూనికల శాఖవారిని కోరి, నాలుగైదు గ్రామములకు కలిపి ముద్రలు వేయు శిబిరమును ఏర్పాటు చేయింపవలెను. ఒక కాటా కొరకు కొట్టు మూసి పట్టణమునకు పోవలసిన ఇబ్బంది తప్పును.

3. అరువు పద్దు ఒక్క కొట్టువాని పుస్తకముననే ఉండరాదు. కొనువాని యొద్దను చిన్న పుస్తకము ఉండి, తేదీ, సరుకు, ధర రెండింటను వ్రాయవలెను. తగవు పుట్టదు. చదువురానివారికి బడి పిల్లలు చదివి వినిపింతురు.

4. ఊరిలోని మహిళా సంఘములు తయారుచేయు కారము, పసుపు, అప్పడములు, గానుగ నూనె వంటివానిని, నమోదు సంఖ్యతోను, సరియైన చీటీతోను, ఊరి కొట్లలోనే అమ్మునట్లు మాట కుదుర్పవలెను. ఈ సరుకుపై లాభమును నిర్ణయించునది దూరపు కంపెనీ కాదు, మన ఊరివారే.

5. కొట్లు కలిసి సరుకు తెప్పించుకొను ఏర్పాటునకు పొరుగు పంచాయతీలతో మాటలాడవలెను. ప్రాథమిక సహకార సంఘము గిడ్డంగిలో చోటున్నచో వాడుకకు అడుగవలెను.

6. కొట్టు ముందర మురుగు నిలువకుండ, వీధి దీపము వెలుగునట్లు, చెత్తబుట్ట ఉండునట్లు చూడవలెను. ప్రతిగా ప్లాస్టిక్ సంచుల విషయమై కొట్టువారినుండి మాట తీసికొనవలెను.

7. గుట్కా, బెల్టు మద్యము అమ్మకమును ఏ మాత్రము సహింపరాదు. కొట్టు కష్టములో ఉన్నదని దానికి మినహాయింపు ఇచ్చినచో, రేపు నష్టపోవునది అదే వీధిలోని కుటుంబములు.

ముగింపు

మానికనుండి కిలోకు, గోనెనుండి పొట్లమునకు, అణానుండి పైసకు, పైసనుండి ఫోనుకు మన ఊరి కొట్టు మారుచునే వచ్చినది. మార్పు దానికి క్రొత్త కాదు. నేటి మార్పులో క్రొత్తదనము ఇంతయే: నగదు ఒక దారిని, అరువు ఒక దారిని పోవుచున్నవి. అరువు మాత్రమే మిగిలిన కొట్టు చాలకాలము నిలువదు. అది మూతపడిన దినమున ఊరిలో ఎక్కువ బాధపడువాడు, దానిలో ఎక్కువ బాకీ ఉన్న పేదవాడే.

నెలకు కావలసిన సరుకులో కొంత భాగమైనను నగదుతో ఊరిలోనే కొనుట కలవారి ధర్మము. సరియైన తూకము, సరియైన ధర, మంచి సరుకు ఇచ్చుట కొట్టువారి ధర్మము. ఈ ఇరువురి నడుమ నమ్మకమును నిలుపుట పంచాయతీ ధర్మము. రానున్న సమావేశమున ఈ విషయమును ఒక్క అరగంట సేపైనను చర్చించి, పైన చెప్పిన పనులలో మీ గ్రామమునకు తగిన దానిని ఒక్కదానినైనను ప్రారంభింతురని ఆశించుచున్నాము.